గుంజుకోని చెయ్యి

పొయ్యి మీద కాగులో నీళ్లు మసులుతున్నాయి. పెరట్లో బండ మీద కౌసల్య కాళ్లు చాపుకుని కూర్చుంది. ఐదు నెలల కొడుకు శశిధర్ ఆమె కాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఎడమ చేత్తో గాలిని గుద్దుతున్నాడు. కుడి చెయ్యి మాత్రం పక్కకు వాలి, అరచెయ్యి వెనక్కి తిరిగి, తనకేమీ పట్టనట్టు పడి ఉంది.

"తలకు ముందు రాయి నూనె. పెయ్యికి ఎన్క," అంది గడప మీద నుంచి అత్త బాలనర్సమ్మ. అటు తిరిగి కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది.

"మీరే రావొచ్చు గద అత్తమ్మా. నా చేతుల వీడు జారిపోతుండు."

"నాకు బియ్యం పనున్నది."

ఏం బియ్యం పని! పొద్దుటి నుంచి ఆ శేరు బియ్యాన్నే మూడుసార్లు ఏరింది. ఇంకోసారి ఏరితే రాళ్లు కాదు, బియ్యమే అరిగిపోతాయి. కానీ ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మెదక్‌లో బట్టలు కుట్టే ఆ మేరోళ్ల వాడలో పుట్టి బాలనర్సమ్మ కాళ్ల మీద పడుకోని పిల్ల లేదు. ఇప్పుడు బస్సులో టికెట్లు కొట్టే కండక్టరు, సైకిళ్ల దుకాణం పెట్టినవాడు, మీసం మెలేసి తిరిగే పహిల్వాను, అందరూ ఒకప్పుడు ఆమె కాళ్ల మీద గుక్కపట్టి ఏడ్చినవాళ్లే. నూనె పట్టించి, నలుగు పెట్టి, కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిపి, ఎడమ చెయ్యీ కుడి కాలూ కలిపి, ఆఖరున ఒక్కొక్క చెయ్యి పట్టి సుతారంగా గుంజేది. "సాగాలె బిడ్డా, సాగాలె. తాటిచెట్టంత కావాలె," అనేది. పోసిన నీళ్లకు ఎవరి దగ్గరా పైసా తీసుకున్నది లేదు. పేరే ఆమెకు కూలి.

అలాంటి మనిషి సొంత మనవడిని మూడు వారాలుగా ముట్టుకోవడం లేదు. ఎత్తుకోదు, ఒళ్లో వేసుకోదు, వాడు ఏడిస్తే "కౌసల్యా, పిలగాడు" అని కేక వేసి తాను వంటింట్లోకి వెళ్లిపోతుంది. అత్తాకోడళ్లు కొట్లాడుకుంటే వాడంతా వింటుంది. మాట్లాడుకోకపోతే ఎవరికి వినబడుతుంది?

శశి పుట్టింది ఆ ఏడు, అంటే అరవై ఏడులో, ఉగాదికి నాలుగు రోజుల ముందు. బస్టాండు వెనక ఒక ప్రైవేటు ప్రసూతి దవాఖానా ఉండేది. అక్కడి డాక్టరమ్మ ఎనిమిదో నెలలోనే చెప్పింది, బిడ్డ పెద్దగా ఉన్నాడు, కష్టమనిపిస్తే ముందే పట్నం పంపిస్తానని. తీరా నొప్పులు వచ్చిన రోజు ఆమె పెళ్లికని తానే పట్నం పోయింది. ఎల్లం, అంటే బాలనర్సమ్మ కొడుకు, జీపు మాట్లాడుకొస్తాను, తీసుకుపోతానని పొద్దుటి నుంచి నర్సును బతిమాలాడు. "డాక్టరమ్మ వస్తుంది, తొందరెందుకు" అంటూ నర్సు సాయంత్రం దాకా కూర్చోబెట్టింది. తల బయటికి వచ్చింది, భుజం ఇరుక్కుంది. నర్సు ఒక పక్క, కాంపౌండరు ఒక పక్క. ఇద్దరూ కలిసి గుంజారు.

రెండో నెలలో ఎల్లం కనిపెట్టాడు. కుట్టుమిషను దగ్గర చాప మీద పడుకోబెట్టిన కొడుకు ఒక్క చేత్తోనే ఆడుతున్నాడు. అదే రోజు పట్నం బస్సెక్కారు. అక్కడి పెద్ద డాక్టరు భుజం నొక్కి చూసి, మెడ దగ్గర నరాలు సాగి దెబ్బతిన్నాయన్నాడు. కాన్పులో గుంజితే ఇలా అవుతుంది, ముందే చూసుకుంటే రాకపోయేది అన్నాడు. రోజుకు మూడుసార్లు చెయ్యి మెల్లగా ఎలా ఆడించాలో నేర్పాడు. ఆఖరున, "రెండు నెలలు ఏం చేశారమ్మా?" అని అడిగాడు. కౌసల్య తల ఎత్తలేదు.

తిరిగొచ్చాక ఎల్లం తిన్నగా జాఫర్ వకీలు ఇంటికి వెళ్లాడు. నిజాం కాలంలో ఉర్దూలో వకాలత్ చదివి, ఇప్పుడు ఇంగ్లీషులో వాదిస్తూ, మెదక్ తెలుగులో కోప్పడే మనిషి ఆయన.

"దావాకు కోర్టు ఫీజు కట్టే తాహతు నాకు లేదు సాబ్," అన్నాడు ఎల్లం.

"లేనోళ్లకు గూడ తొవ్వ ఉన్నది. పాపరు దావా అంటరు. ఫీజు లేకుండనే తీస్కుంటరు."

"నేను పాపరునా సాబ్? మిషను నడుస్తున్నది నాకు!"

"అరె, కాయిదం మీద పాపరువి. బజార్ల నువ్వు షేర్‌వే, పులివే. సంతకం పెట్టు."

నోటీసు పోయింది. జవాబు వచ్చేసరికి శశికి ఐదో నెల. వకీలు గుమస్తా ఆ జవాబు తెచ్చి ఇంట్లో అందరి ముందూ చదివాడు. కాన్పులో ఏ తప్పూ జరగలేదట. బిడ్డ ఆరోగ్యంగా ఇంటికి వెళ్లాడట. మెదక్‌లో అందరికీ తెలిసిన సంగతే, ఆ ఇంటి ముసలామె పసిపిల్లల చేతులు కాళ్లు లాగి స్నానం చేయిస్తుందట. గాయం ఆమె చేతుల్లోనే జరిగిందట.

ఆడలేక మద్దెల ఓడు అన్నారట వెనకటికి! కానీ ఆ కాగితం విన్న బాలనర్సమ్మ ఒక్క మాట అనలేదు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటి వంక చూసింది. అంతే, ఆ రోజు నుంచి మనవడి దగ్గరికి వెళ్లలేదు. కాగితం సంగతి వాడలోనూ పాకింది. పక్క సందులో షాజహాన్ బీకి మనవరాలు పుట్టింది. వాళ్లింట్లో నలుగురు పిల్లలకు నీళ్లుపోసింది బాలనర్సమ్మే. ఈసారి కబురు రాలేదు.

ఆ పొద్దున బాలనర్సమ్మ బియ్యం నాలుగోసారి చాటలో పోసుకుంటుంటే ఎల్లం మెడలో టేపుతో పెరట్లోకి వచ్చాడు.

"అమ్మా, వకీలు సాబ్ మళ్ల కబురు వంపిండు. దావా ఏసుడుకు ముందు నీ మాట రాసుకోవాల్నట. ఇయ్యాల పోదాం."

"నేను రాను."

"నిన్న గూడ గదే అంటివి. మొన్న గూడ గదే అంటివి. ఎందుకు రావు?"

"దావా ఇడ్శిపెట్టు కొడుకా. పెద్దోళ్లతోని మనకేంది? దేవుడు ఇచ్చిండు, గట్లనే పెంచుకుందాం."

"దేవుడు ఇచ్చింది సక్కగనే ఇచ్చిండు. గుంజింది మనుషులు." ఎల్లం గొంతు లేచింది. "దవాఖానాల ఆయా సిద్దమ్మ నౌకరి పోతదని సాక్ష్యానికి రానన్నది. ఇంటికొచ్చిన దినం పిలగాడు ఎట్లుండెనో చెప్పెటోళ్లు నువ్వు దప్ప ఎవ్వలున్నరు? మొదటి నీళ్లు పోసింది నువ్వే గద!"

"పోసిన. ఇగ పొయ్య."

"గంతేనా? నీ మనవని కంటె నీకు నీ పరువెక్కువనా?"

"ఏం మాటలయ్య గవి!" అంది కౌసల్య.

"నువ్వు ఊకో. మూడు వారాల సంది చూస్తున్న." అతను తల్లి ముందుకు వచ్చి కూర్చున్నాడు. అనకూడని మాట నాలుక చివర ఉంది, ఆపుకోలేకపోయాడు. "నిజం చెప్పు. వాళ్లు రాసిందే నిజమా? నువ్వే గుంజినవా ఏందే?"

చాట చేతిలోంచి జారింది. బియ్యం పెరడంతా చిందాయి. బాలనర్సమ్మ వాటిని ఏరుకోలేదు, కొడుకు వంక చూడలేదు. లేచి ఇంట్లోకి పోయి దూలం కింద గోడవైపు తిరిగి పడుకుంది. కౌసల్య తడి ఒంటితో ఉన్న బిడ్డను కొంగులో చుట్టి గుండెకు అదుముకుంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. నోరు తెరిచింది కూడా. ఎల్లం అప్పటికే మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. తేలు కుట్టిన దొంగకు అరిచే వీలుండదు, కౌసల్యదీ అదే గతి.

మధ్యాహ్నం వకీలే వచ్చాడు. చంకలో నల్ల కోటు గుడ్డ.

"సలాం ఎల్లం! పాత కోటు మోచేతులు చిరిగినయ్. జడ్జి సాబ్ నా మాట కంటె నా మోచేతులే ఎక్కువ చూస్తుండు. ఏదీ, అమ్మ?"

"పండుకున్నది సాబ్. రానంటుంది."

"ఎవ్వలు రమ్మన్నరు? నేను కోటుకొచ్చిన." గొంతు పెంచి లోపలికి వినబడేలా అన్నాడు. "బాలనర్సమ్మా! జర చాయ తాపుతవా, లేకపోతే దావా గెలిచినంక తాపుతవా?"

గుమ్మంలోకి వచ్చిన మనిషిని మంచినీళ్లన్నా అడగకుండా ఉంచడం బాలనర్సమ్మ వల్ల అయ్యే పని కాదు. లేచి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వకీలు ఆ కళ్లు చూడనట్టే కుర్చీలో కూర్చుని చాయ తాగి, సాసరు కింద పెట్టాడు.

"మా చిన్న బిడ్డ సాలెహా కాన్పుకొచ్చింది. వచ్చే నెల. పిల్లకు నీళ్లు ఎట్ల పొయ్యాలెనో మా ఇంట్ల ఎవ్వలకు రాదు. నువ్వయితే రానంటవు. కనీసం ఎట్లనో చూపియ్. నేను పోయి మా ఆమెకు చెప్త."

"మొగోళ్లకెందుకు సాబ్ గవన్ని?"

"తాతనయితున్న. ఎందుకు వద్దు?"

ఆమెకు నవ్వు రాలేదు గానీ, ముఖం కొంచెం వదులైంది. చుట్టూ చూసింది. బిడ్డ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. మిషను మీద ఎవరో పిల్లవాడి తెల్లటి అంగి కుట్టి, గుండీలు పెట్టాల్సి ఉంది. దాన్ని తీసుకుంది. కింద కూర్చుని కాళ్లు చాపి, అంగిని కాళ్ల మీద పరిచింది.

చేతులకు ఎంత జ్ఞాపకం! అంతవరకు ముడుచుకుని ఉన్న ఆ వేళ్లు ఒక్కసారి విచ్చుకున్నాయి. "ముందు మాడుకు నూనె. గోరువెచ్చగ. ఎన్క చాతీ, గిట్ల, నడుమ నుంచి పక్కలకు. ఎన్క చేతులు. ఎప్పుడైన కుడి చెయ్యి ముందు పట్టాలె. పట్టంగనే పిల్ల గుంజుకుంటది సాబ్. ఒక్క దినం పిల్లయినా సరే, నీ చెయ్యి తగులుడు ఆలస్యం, ముడుసుకుంటది. మనం మెల్లగ…"

అంగి కుడి చెయ్యి పట్టుకుంది. అది ఆమె వేళ్ల మధ్య మెత్తగా వేలాడింది. బాలనర్సమ్మ ఆ గుడ్డ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"చెప్పు. ఎన్క?" అన్నాడు వకీలు, చాలా మెల్లగా.

"గిట్లనే ఉండె సాబ్," అంది. "గిట్లనే, ఈ అంగి చెయ్యి తీరుగనే ఉండె. ఐదో దినం మొదటి నీళ్లు. కుడి చెయ్యి పట్టిన. గుంజుకోలే. నలభై ఏండ్ల సంది పోస్తున్న, గుంజుకోని చెయ్యి ఒక్కటి చూడలే. ఎడమది పడితే గుంజుకున్నడు, ఏడ్శిండు. కుడిది… కుడిది పడ్డది పడ్డట్టే ఉండె."

"గుంజినవా దాన్ని?"

"లేదు! ఊకె నూనె రాసి కింద పెట్టిన. తెల్లారి గూడ గంతే. ఆ చెయ్యి ఒక్క దినం గూడ సాపలే." ఆమె అంగిని పక్కకు తోసేసింది. "ఆ కాయిదం చదివినంక నాకే అనుమానమొచ్చింది సాబ్. అలవాటు పడ్డ చేతులు, నన్ను అడిగి చేస్తయా? మర్శిపోయి గుంజిన్నేమో. నేనే గుంజి, గుంజలే అనుకుంటున్నేమో. నిద్ర పడ్తలేదు. పిలగాన్ని ముట్టాలంటే భయమైతుంది."

ఎల్లం మిషను మీద నుంచి లేచాడు. "ఐదో దినమే ఎర్కనా నీకు? మరి ఎందుకు చెప్పలేదే?"

"బాలింతరాలు కొడుకా! గది విన్నదంటే దానికి పాలు ఇంకిపోవా? నలభై దినాలు ఎల్లినంక చెప్దాం అనుకున్న. గంతల్నే వస్తదేమో చెయ్యి, అనుకున్న. రోజు దేవునికి మొక్కిన."

శశి తల్లి భుజం మీద ఉంగా ఉంగా అంటున్నాడు. కౌసల్య గోడకు ఆనుకుని ఉన్నది ఉన్నట్టే జారి కూర్చుంది. ఇక దాచడానికి ఆమెలో బలం లేదు.

"నాకు రెండో దినమే ఎర్కుండె," అంది.

ఎల్లం గిర్రున ఆమె వైపు తిరిగాడు.

"దవాఖానాల. పాలిస్తుంటే ఎడమ చెయ్యితోని రవికె పట్టుకుంటుండె. కుడిది వస్తలేదు. సిద్దమ్మకు చూపిచ్చిన. ఆమె గూడ చూసింది. 'ఎవ్వలకు చెప్పకు బిడ్డా, అవిటిపిలగాన్ని కన్నదంటరు, అదే మంచిగైతది' అన్నది. మా ఊరు శంకరంపేటల ఒకామె గట్ల కంటే మొగడు మళ్ల పెండ్లి చేసుకుండు. భయపడ్డ. బట్టల చుట్టి, చెయ్యి లోపటికి పెట్టి దాచిన. మీకు నీళ్లకిచ్చేటప్పుడు గడప కాడ నిలబడి చూసిన అత్తమ్మా. మీరు ఆ చెయ్యి కింద పెట్టంగ గూడ చూసిన. మీకు తెల్వలేదు, బతికిన అనుకున్న." మాటల మధ్య ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ కాయిదం చదివిన దినం చెప్పాల్సింది. చెప్తే, మొదలెందుకు దాచినవని అడుగుతరని… మీరు చేతులు ఒళ్లె పెట్టుకుని కూసుంటే చూసుకుంట ఉన్న. మూడు వారాలు చూసుకుంట ఉన్న!"

బాలనర్సమ్మ లేచి కోడలి ముందుకు వచ్చింది. చెయ్యి ఎత్తింది. కొడుతుందనే అనుకున్నాడు ఎల్లం, అడ్డం రాబోయాడు. వకీలు అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"దొంగదానా," అంది బాలనర్సమ్మ. "నా చేతులను నేనే ఎన్ని తిట్లు తిట్టుకున్ననో ఎర్కనా నీకు? నరుక్కుందామనిపించింది! ఒక్క మాట. ఒక్క మాట చెప్తే ఏం పోయె నీ సొమ్ము?"

"కొట్టుండ్రి అత్తమ్మా."

ఎత్తిన చెయ్యి కోడలి తల మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

"పాలు ఇంకిపోతయని నేను చెప్పకపోతి. మొగడు ఇడ్శిపెడ్తడని నువ్వు చెప్పకపోతివి. పాలు ఇంకలే, వాడు ఇడ్శిపెట్టలే. నడుమ నా బంగారు తండ్రికి రెండు నెలలు వాయె." ఆమె కూడా కింద కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. శశి నడుమ నలిగి గట్టిగా కేక పెట్టాడు. అప్పుడు బాలనర్సమ్మ, ఆలోచించుకునే లోపే, వాణ్ని కోడలి చేతిలోంచి లాక్కుని భుజాన వేసుకుంది. లాక్కున్నాక గానీ తాను వాణ్ని ముట్టుకున్నానని ఆమెకు తెలియలేదు.

ఎల్లం గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. "అమ్మా, పొద్దుగాల అన్న మాట…"

"నోరు మూస్కో. నీకు ఎన్క చెప్త."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జేబులోంచి కాగితం, కలం తీశాడు. "ఇగ పని చేద్దాం. వినుండ్రి ఇద్దరు. మీరు ఇప్పుడు చెప్పిందే దావాకు ప్రాణం. రెండో దినం తల్లి చూసింది, ఐదో దినం ముసలమ్మ చూసింది, అప్పటికి చెయ్యి గుంజే పనే మొదలు గాలే. కని కోర్టుల బోనెక్కి చెప్పాలె. వాళ్ల వకీలు ఊకోడు. తల్లివై ఎందుకు దాచినవ్ అంటడు. ఊరంత వింటది. కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తదంటరు గద, గట్లనే ఉంటది. ఆలోచించుకోండ్రి."

"ఆలోచించుడేంది," అంది బాలనర్సమ్మ, మనవడి వీపు నిమురుతూ. "రాసుకో సాబ్."

కోర్టు పనులు తెలిసినవే కదా. వాయిదా మీద వాయిదా పడి, సాక్ష్యాల వంతు వచ్చేసరికి శశికి రెండేళ్లు దాటాయి. ఈలోగా రోజుకు మూడు పూటలా వాడి చెయ్యి ఆడించింది నాయనమ్మే. పట్నం డాక్టరు నేర్పింది కౌసల్య ఆమెకు నేర్పితే, "గింత మెల్లగనా? చీమను పట్టినట్టు?" అని సణుగుతూనే అంతే మెల్లగా చేసింది.

సాక్ష్యం రోజు బాలనర్సమ్మ ఉతికిన చీర కట్టుకుని బోనెక్కింది. అవతలి వకీలు పట్నం నుంచి వచ్చినవాడు, ఇస్త్రీ కోటు, చక్కటి మాట.

"పిల్లల చేతులు లాగుతారా మీరు?"

"గుంజుత. నలభై ఏండ్ల సంది గుంజుతున్న."

"మరి ఈ బాబు చెయ్యి?"

"కుడిది గుంజలే. అది గుంజుకోలే గన్క, నేను గుంజలే. గుంజుకున్న చెయ్యినే గుంజాలె సార్. మీకు నీళ్లు పోసినామె ఉంటే అడుగుండ్రి, ఆమె గూడ గదే చెప్తది."

కోర్టులో నవ్వులు లేచాయి. మున్సిఫ్ గారు బల్ల తట్టారు. తర్వాత కౌసల్య వంతు. ఆమె రెండో రోజు చూసిన సంగతి చెప్పింది. పట్నం వకీలు ముందుకు వచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"మీ ఆయనకు చెప్పావా అమ్మా?"

"చెప్పలే."

"అత్తగారికి?"

"చెప్పలే."

"కన్నతల్లివి. రెండు నెలలు దాచావు. దాచిన నోటితో ఇవాళ నిజం చెబుతున్నావంటే మేము ఎలా నమ్మాలి?"

జాఫర్ వకీలు లేవబోయాడు. కౌసల్య ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆమె బోను కొయ్యను రెండు చేతులా పట్టుకుంది. కింద బెంచీల్లో వాడ సగం ఉంది. షాజహాన్ బీ ఉంది. శంకరంపేట నుంచి వచ్చిన అన్న ఉన్నాడు.

"అబద్ధం చెప్పెటోళ్లు వాళ్లకు మంచి అయ్యేటట్టు చెప్తరు గద సార్," అంది. "నేను చెప్పేదాంట్ల నాకు మంచి ఏమున్నది? నా కొడుకు చెయ్యి సంగతి ఎర్కుండి నోరు మూసుకున్న తల్లిని అని ఊరంత ముంగట చెప్పుకుంటున్న. మా అత్తమ్మ మీద నింద వడ్డప్పుడు గూడ మూసుకున్న. ఆమె నా పాలు ఇంకిపోవద్దని ఊకుంటే, నేను నా కోసం ఊకున్న. ఆమె చేతులు మంచియి. మా వాడ పిల్లలందర్ని పెంచిన చేతులు. చేసింది ఎవ్వలో వాళ్లను అడుగుండ్రి, నన్ను అడుగుండ్రి, ఆ చేతులను మాత్రం అడగకుండ్రి."

పట్నం వకీలు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. వెనక బెంచీలో బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తీర్పు మరో ఏడాదికి గానీ రాలేదు. ఎల్లం పక్షానే వచ్చింది. శశి చెయ్యి ఇప్పటికీ భుజం దాకానే లేస్తుంది, ఆ పైకి లేవదు, అది ఏ తీర్పూ ఇప్పించలేని సంగతి. కానీ తీర్పు గురించి కాదు, ఆ సాక్ష్యం రోజు కోర్టు వరండాలో జరిగింది చెప్పాలి.

కౌసల్య బయటికి వచ్చి స్తంభం పక్కన కూర్చుంది. ఎవరో ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, ఒళ్లో నెలలోపు పసిగుడ్డుతో, మెల్లగా దగ్గరికి జరిగింది. అల్లాదుర్గ్ నుంచి మామ భూమి కేసుకు వచ్చారట. లోపల గుంపులో నిలబడి అంతా విన్నదట.

"అక్కా," అంది. అటూ ఇటూ చూసి, బిడ్డకు చుట్టిన బట్ట కొంచెం తొలగించింది. "మా బిడ్డ చెయ్యి గూడ గిట్లనే ఉన్నది. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే."

కౌసల్య ఆ చిన్న చేతిని చూసింది. వాలిపోయి, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. వేలు తాకించింది. అది గుంజుకోలేదు. ఆమె కళ్లు నిండిపోయాయి.

"ఎన్ని దినాల పిల్ల?"

"ఇరవై రెండు."

"మస్తు టైమున్నది బిడ్డా. నేను అరవై దినాలు పోగొట్టుకున్న. నువ్వు ఒక్కటి గూడ పోగొట్టకు. పట్నంల డాక్టరున్నడు, నేను పేరు చెప్త. ఈడ వకీలు సాబ్ ఉన్నడు, మన అసొంటోళ్లను పైస అడగడు. అన్ని చెప్త. కని ముందుగాల మీ అత్తమ్మకు చెప్పు."

ఆ పిల్ల గేటు దగ్గర మామ పక్కన కూర్చుని మురుకులు నములుతున్న లావుపాటి ఆవిడ వైపు బెదురుగా చూసింది. "భయమైతుంది అక్కా. కొడ్తది."

"కొట్టనీ," అంది వెనక నుంచి బాలనర్సమ్మ. శశిని చంకనేసుకుని ఎప్పుడు వచ్చిందో వచ్చింది. "చెయ్యి ఎత్తుతది. ఎత్తనీ. దింపేటప్పుడు ఎట్ల దింపుతదో చూద్దాం."

కౌసల్య లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "పా. నేనొస్త నీతోని."